ఆవిడకు ట్రైనింగ్, నాకు చెన్నై

మా ఆవిడ బ్యాంకులో ఆఫీసరు. నేను చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు రాసి రిటైరయ్యాను. ఆవిడకు అప్పుడప్పుడూ చెన్నైలో ట్రైనింగ్ పడుతుంది. ఆఫీసువాళ్లు రూము ఇస్తారు, నేను తోడుగా వెళ్తాను. తోడు అన్నది పేరుకే. పొద్దున ఎనిమిదిన్నరకు ఆవిడ మెడలో ట్యాగు వేసుకుని క్యాబ్ ఎక్కితే మళ్లీ కనబడేది సాయంత్రమే. ఈలోపు రూములో టీవీ చూసేటట్టయితే ఆ పని ఒంగోల్లోనే చేయొచ్చు. భర్తతోనో, భార్యతోనో, కూతురి ఇంటర్వ్యూకో ఇలా తోకలా వెళ్లే వాళ్లు చాలామంది ఉంటారు. వాళ్ల కోసం, నేను చెన్నై ఎలా తిరుగుతానో రాస్తున్నాను.

ఊరు చూడటం తర్వాత. ముందు ఆఫీసు వ్యవహారం సరిచూసుకోవాలి, మన వల్ల ఉద్యోగం చేసే మనిషికి మాట రాకూడదు. కొన్ని ట్రైనింగులకు ఇద్దరు ఉద్యోగులకు కలిపి ఒక రూము ఇస్తారు. అలాంటప్పుడు మనం ఇంటి దగ్గరే ఉండటం మేలు, లేదంటే సొంత డబ్బుతో వేరే రూము తీసుకోవాలి. విడి రూమైతే ఇద్దరం వస్తున్నామని ముందే హోటలుకు చెప్పించండి. చెక్-ఇన్ దగ్గర ఇద్దరి ఆధార్ కార్డులూ అడుగుతారు. పొద్దున టిఫిన్ ఒకరికే ఇస్తారా, ఇద్దరికీనా అన్నది మొదటి రోజే తేల్చుకోండి. బట్టలు ఉతికించినా, రూముకి కాఫీ తెప్పించినా ఆ ఖర్చు మన పేరున వేరే బిల్లు వేయమనాలి. ఆఫీసు బిల్లులో నా చొక్కాల ఇస్త్రీ కనబడితే ఆవిడ ఎవరికో సంజాయిషీ చెప్పుకోవాలి కదా. రూము తాళం కార్డులు రెండు అడిగి తీసుకోండి. లేకపోతే ఎవరు ముందు వచ్చినా లాబీలో కూర్చోవాల్సిందే.

రైలు టికెట్టు సంగతి కూడా ఇంతే. ఆవిడ టికెట్టు ఆఫీసువాళ్లు తీస్తారు, నాది నేను తీసుకుంటాను. ఒక్కోసారి బోగీలు వేరవుతాయి. మాకు పినాకిని అనుకూలం. పొద్దున ఒంగోల్లో ఎక్కితే మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగుతాం.

ఇక నేను పాటించే పద్ధతి చెప్తాను. బయల్దేరేముందే చూడాల్సినవి రెండు వాటాలు చేసుకుంటాను. ఆవిడకు విసుగు పుట్టించేవి నా వాటా: మ్యూజియం రాళ్లు, పాత చర్చీలు, కోట, లైబ్రరీ. ఆవిడకు ఇష్టమైనవి ఇద్దరి వాటా: టీ నగర్ పట్టుచీరల షాపులు, మెరీనాలో సాయంత్రం గాలి, మంచి చోట రాత్రి భోజనం. ఇద్దరి వాటాలోవి పగలు నేనొక్కణ్నే వెళ్లి చూసి రాను. "నేను చూసేశాలే" అన్న మాట సాయంత్రం ఎంత గొడవ తెస్తుందో పెళ్లయిన వాళ్లకు చెప్పక్కర్లేదు. గుళ్లు మాత్రం ఏ వాటాలో అయినా వేసుకోవచ్చు. గుడికి రెండోసారి వెళ్లినా ఎవరూ కాదనరు.

ట్రైనింగ్ సెంటర్లు, ఐటీ ఆఫీసులు, వాటి కోసం వెలిసిన హోటళ్లు ఎక్కువగా ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీదే ఉంటాయి. పాత చెన్నై అంతా అక్కడికి ఉత్తరాన, చాలా దూరంలో ఉంటుంది. మెట్రో పనులు సాగుతున్నన్నాళ్లూ ఆ రోడ్డు మీద క్యాబ్ ఎక్కి కూర్చుంటే పొద్దుటి పూట రోడ్డుకే సరిపోతుంది. దీనికి నాకు దొరికిన మందు ఎంఆర్‌టీఎస్ అనే సిటీ లోకల్ రైలు. వంతెనల మీద పోతుందని చెన్నైవాళ్లు దాన్ని పరక్కుం రైలు అంటారు. ఓఎంఆర్ మొదట్లో టైడల్ పార్క్ ఉంది కదా, దాని పక్కనే తిరువాన్మియూర్ స్టేషన్. బస్సులోనో ఆటోలోనో అక్కడిదాకా వెళ్లి రైలెక్కితే చూడాల్సిన చోట్లన్నీ వరసగా వస్తాయి. కొట్టూర్‌పురంలో అణ్ణా లైబ్రరీ. తిరుమయిలైలో దిగితే మైలాపూర్. లైట్ హౌస్ స్టేషన్ నుంచి శాంథోమ్, తిరువల్లిక్కేణి నుంచి పార్థసారథి గుడి, సెయింట్ జార్జ్ కోట పేరుతోనే ఫోర్ట్ స్టేషన్. సెంట్రల్‌కు వెళ్లాలంటే పార్క్ టౌన్‌లో దిగాలి. టికెట్టుకు చిల్లర చాలు. మధ్యాహ్నం రైళ్లు కాస్త ఆగి ఆగి వస్తాయి, తొందర పడితే కుదరదు.

ఈ రైలు గురించి మా మరదలు చేర్చమన్న మాట ఒకటుంది. మా తోడల్లుడికి అంబత్తూరు ఫ్యాక్టరీల్లో పని, ఆయనతో ఆవిడ తరచూ వెళ్తుంది. ఎంఆర్‌టీఎస్ స్టేషన్లు పెద్ద గోడౌన్లలా ఉండి, చాలా వాటిలో జనం పల్చగా ఉంటారు. ఒంటరిగా తిరిగే ఆడవాళ్లు పగటిపూట ఆడవాళ్ల బోగీలో వెళ్లి, చీకటి పడ్డాక ఆటోనో బస్సో చూసుకోవడం మంచిదని ఆవిడ సలహా. సిటీ సాదా బస్సుల్లో ఆడవాళ్లకు 2021 నుంచి టికెట్టు లేదు. ముందుభాగం గులాబీ రంగులో ఉన్న బస్సు వస్తే ఎక్కడమే. మాకు మాత్రం టికెట్టు తప్పదు. ఆటోకు మీటరు వేస్తారన్న ఆశ పెట్టుకోకండి. ఫోన్‌లో ఏదో ఒక యాప్ తీసి ఆ దూరానికి రేటెంతో చూసుకున్నాక బేరానికి దిగండి. తమిళం రాదని టెన్షన్ అక్కర్లేదు. సగం కొట్లలో తెలుగు మాట్లాడేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు.

రోజును గుళ్ల వేళలను బట్టి కట్టుకోవాలి. మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నరకల్లా పెద్ద గుళ్లన్నీ మూసేసి నాలుగింటికి తెరుస్తారు. అందుకని పొద్దున గుడి, ఎండవేళ తలమీద కప్పున్న చోటు, నాలుగున్నరకల్లా వెనక్కి. ఐదు దాటితే ఓఎంఆర్ మీద ఆఫీసులు వదిలే రద్దీ మొదలవుతుంది. ఆవిడకన్నా ముందే నేను రూములో ఉండాలన్నది నేను పెట్టుకున్న నియమం. సెలవు రోజులు కూడా గుర్తుంచుకోండి. ఎగ్మూర్ మ్యూజియానికీ, కోటలోని మ్యూజియానికీ శుక్రవారం సెలవు. మెరీనా లైట్‌హౌస్‌కూ, వివేకానందుడు బస చేసిన ఐస్ హౌస్‌కూ సోమవారం. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద, దక్షిణాది పాత ఇళ్లను కట్టి చూపించే దక్షిణచిత్రకు మంగళవారం.

మొదటి పొద్దు మైలాపూర్‌కు ఇవ్వండి. హోటల్లో టిఫిన్ మానేసి వెళ్తే ఇంకా మంచిది. అరుండేల్ వీధిలో రాయర్ మెస్ అని చిన్న చోటు ఉంది. ఇడ్లీ, పొంగలి, వడ పొద్దున్నే, ఉన్నంతవరకే. కూర్చునే చోటు తక్కువ, కాసేపు నిలబడాలి. అక్కడి నుంచి కపాలీశ్వరుడి గుడికి నడక. తూర్పు గోపురం ఎత్తుకు అందరూ తల ఎత్తి ఫొటో తీసుకుంటారు. లోపల పొన్న చెట్టు కింద ఉన్న చిన్న గుడిని మాత్రం చాలామంది దాటిపోతారు. పార్వతి నెమలి రూపంలో శివుణ్ని పూజించిన కథ అక్కడ శిల్పంగా ఉంది. మైలాపూర్‌ను తమిళులు పిలిచే మయిలై అన్న పేరే నెమలి నుంచి వచ్చింది. గుడికి పడమటివైపు కోనేరు. దాని చుట్టూ మాడ వీధులు. ఇత్తడి సామాన్లు, పూజ సామగ్రి, నవరాత్రుల ముందైతే పేవ్‌మెంట్ల నిండా కొలువు బొమ్మలు. చూస్తూ నడవండి, కొనకండి. బొమ్మల కొనుగోలు ఇద్దరి వాటాలోది.

అక్కడి నుంచి లజ్ వైపు నడిస్తే మనకు సంబంధించిన మైలాపూర్ మొదలవుతుంది. లజ్ చర్చి రోడ్డులో నాగేశ్వరరావు పార్కు ఉంది. అమృతాంజనం పెట్టి, ఆంధ్రపత్రిక నడిపిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరే అది. 1914లో ఆంధ్రపత్రికను దినపత్రిక చేసింది ఈ ఊళ్లోనే. ఆయన ఇల్లు శ్రీబాగ్ కూడా ఇక్కడే ఉండేది. 1937 నవంబరు 16న కోస్తా, సీమ నాయకులు కూర్చుని శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నది ఆ ఇంట్లోనే. స్కూల్లో మార్కుల కోసం బట్టీ పట్టిన పేరు. ఇప్పుడా పార్కులో వాకింగ్ చేసే వాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో! పొద్దుటి పూట చెట్ల కింద బెంచీ మీద కాసేపు కూర్చుని, లజ్ మూల నుంచి రాయపేట హైరోడ్డు పట్టుకోండి. 126 నంబరు ఇల్లు పొట్టి శ్రీరాములు స్మారకం. అది బులుసు సాంబమూర్తిగారి ఇల్లు. 1952 అక్టోబరు 19న శ్రీరాములు దీక్షకు కూర్చున్నది అక్కడ, డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచిందీ అక్కడే. తెలుగువాళ్లం టీ నగర్ దాకా వెళ్లి చీరలు కొంటాం, ఈ గడప తొక్కం. ఇది నా వాటాలోది కాబట్టి నేను వెళ్తాను. మా ఆవిడను కూడా ఒక సాయంత్రం తీసుకెళ్లాలని ఉంది కానీ ఆ సాయంత్రాలన్నీ చీరల షాపులకే పోతున్నాయి.

ఎగ్మూర్ మ్యూజియానికి మాత్రం ఒక మధ్యాహ్నం పూర్తిగా పెట్టుకోండి. 1851 నాటిది. ఎంఆర్‌టీఎస్‌లో పార్క్ టౌన్ దాకా వచ్చి, సెంట్రల్ మెట్రోలో ఒక్క స్టేషన్ వెళ్తే ఎగ్మూర్. అక్కడి నుంచి పాంథియన్ రోడ్డు నడక దూరమే. ఆవరణలో చాలా భవనాలు ఉంటాయి. పాత జంతువుల బొమ్మలతో మొదలుపెడితే అసలుదానికి వచ్చేసరికి కాళ్లు పీకుతాయి. నేరుగా అమరావతి గ్యాలరీకి పొండి.

ఒకప్పటి గుంటూరు జిల్లా, ఇప్పటి పల్నాడు జిల్లా అమరావతిలోని బౌద్ధ స్తూపం రాళ్లు అవి. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో ఊరు కట్టిస్తుంటే, దిబ్బ తవ్విన పనివాళ్లకు చెక్కుడు రాళ్లు దొరికాయి. చాలా వాటిని కట్టుబడికి వాడేశారు కూడా. 1797లో కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు తరలించాడు. వాటిలో చాలా రాళ్లు ఓడెక్కి లండన్ వెళ్లి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మద్రాసులో మిగిలినవి, ఆ తర్వాత వచ్చి చేరినవి ఇక్కడ ఉన్నాయి. అమరావతిలో ఇప్పుడు నిలబడితే గడ్డి పెరిగిన దిబ్బ కనబడుతుంది. దాని సొగసు చూడాలంటే చెన్నై రావాలి, లేదా లండన్ పోవాలి.

రాళ్లతో బతికిన వాణ్ని కాబట్టి నాకు ముందు కనబడేది రాయే. ఇది పలనాటి సున్నపురాయి, లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న తెలుపు. మా గ్రానైట్ మీద ఉలి పెడితే పెచ్చు లేస్తుంది. ఇది మెత్తన, అందుకే వేలి గోరు దాకా చెక్కగలిగారు. ఆ గ్యాలరీలో ఒక గుండ్రటి ఫలకం ఉంటుంది, బుద్ధుడి కథలోని నలగిరి ఏనుగుది. దాని ముందు తొందరపడకుండా నిలబడండి. మదమెక్కిన ఏనుగు వీధిలో పడి ఒక మనిషిని తొండంతో లాగుతోంది, జనం హడలిపోతున్నారు. అదే ఫలకంలో పక్కనే ఆ ఏనుగే బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లింది. జరిగిన రెండు సంగతులనూ ఒకే చట్రంలో పెట్టాడు శిల్పి. మేడల కిటికీల్లోంచి తొంగి చూస్తున్న వాళ్లను చూడటం మరవకండి. ఈ రోజుల్లో వీధిలో గొడవైతే బాల్కనీల్లోకి వచ్చి చూసే వాళ్లకూ వీళ్లకూ తేడా లేదు. కింద ఉన్న బోర్డు చదివి వెళ్లిపోతే ఇవేవీ పట్టుబడవు. ఎడమవైపు నుంచి మొదలుపెట్టి కుడికి రండి.

కంచు విగ్రహాలకు వేరే భవనం ఉంది. తిరువాలంగాడు నటరాజు, తిరువెంగాడు అర్ధనారీశ్వరుడు అక్కడ ఉంటారు. అర్ధనారీశ్వరుణ్ని ముందు నుంచి ఎంతసేపు చూస్తారో పక్కల నుంచీ అంతసేపు చూడండి. నడుము ఒకవైపు ఒకలా, మరోవైపు ఇంకోలా ఉంటుంది. తక్కిన భవనాలు ఓపికుంటేనే.

కోటకు వెళ్లే రోజు ఆధార్ తప్పక జేబులో ఉండాలి. సచివాలయం, అసెంబ్లీ లోపలే ఉన్నాయి, గేటు దగ్గర తనిఖీ ఉంటుంది. అసెంబ్లీ జరుగుతున్న రోజుల్లో వెళ్లకపోవడమే సుఖం. 1639లో ఇంగ్లిష్ కంపెనీకి ఈ తీరం ఇప్పించినవాళ్లు దామర్ల నాయకులు. వాళ్ల తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదే చెన్నపట్నం అయిందని చెబుతారు. లోపల సెయింట్ మేరీస్ చర్చి 1680 నాటిది. ఫిరంగి గుండ్లకు తట్టుకునేలా కప్పును దళసరిగా, గుండ్రంగా కట్టారు. రాబర్ట్ క్లైవ్ పెళ్లి ఇక్కడే 1753లో జరిగింది. అసెంబ్లీ భవనం ముందున్న నల్లరాతి స్తంభాలను దూరం నుంచైనా చూడండి. 1746లో కోటను పట్టుకున్న ఫ్రెంచివాళ్లు తర్వాత వాటిని పుదుచ్చేరికి మోసుకుపోతే, 1761లో ఇంగ్లిష్‌వాళ్లు పుదుచ్చేరి గెలిచి వెనక్కి తెచ్చుకున్నారు. అది చార్నకైట్ రాయి, పల్లావరం కొండలది. రాళ్ల వ్యాపారంలో ఉన్నవాళ్లెవరైనా దాని ముందు ఆగుతారు. తక్కినవాళ్లు ఆగకపోయినా నష్టం లేదు.

పార్థసారథి గుడిలో మూలమూర్తికి మీసాలుంటాయి. ఉత్సవమూర్తి ముఖం మీద భీష్ముడి బాణాల మచ్చలు చూపిస్తారు. ఆ పేటలోనే రత్నా కేఫ్ ఉంది. ఇడ్లీ సాంబార్‌లో మునిగి వస్తుంది, చెంచాతో తినాలి. శాంథోమ్ చర్చిలో సెయింట్ థామస్ సమాధి దాకా కిందికి దిగి చూడొచ్చు. మెరీనా ఇసుకలో మాత్రం మధ్యాహ్నం అడుగు పెట్టొద్దు. ఆ ఇసుక వెడల్పు చాలా ఎక్కువ, నీళ్ల దగ్గరికి చేరేలోపు చెప్పుల్లోంచి కూడా కాలుతుంది. అది ఎటూ ఇద్దరి వాటాయే.

ఎండ భరించలేకపోతే, వాన పట్టుకుంటే, లేదా ఊరికే తిరగబుద్ధి కాకపోతే కొట్టూర్‌పురంలో అణ్ణా శతజయంతి లైబ్రరీ ఉంది. 2010లో తెరిచారు, తొమ్మిది అంతస్తులు, లోపలంతా చల్లన. సొంత పుస్తకం తెచ్చుకుని చదువుకునే విభాగం కూడా ఉంది. నేను సగం చదివిన నవల వెంట తీసుకెళ్తాను. ముసలివాళ్లం, పరీక్షలకు చదివే పిల్లలం పక్కపక్కన కూర్చుంటాం. బాత్‌రూముల బెంగ ఉండదు. ఈ వయసులో అది చిన్న విషయం కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు పడతాయి కాబట్టి ఆ నెలల్లో ట్రైనింగ్ పడితే ఈ లైబ్రరీని గుర్తుపెట్టుకోండి.

డిసెంబరు నడుమ నుంచి జనవరి నడుమ దాకా అయితే మీ పంట పండినట్టే. మార్గళి, అంటే మన ధనుర్మాసం, సంగీత కచేరీలు. పేరున్న వాళ్ల సాయంత్రం కచేరీలకు టికెట్లు కొనాలి గానీ, పొద్దున, మధ్యాహ్నం కుర్రవాళ్లు పాడే కచేరీలకు చాలా సభల్లో ఊరికే వెళ్లి కూర్చోవచ్చు. చుట్టూ అందరూ తమిళులే, వేదిక మీద పాడేదేమో త్యాగరాజు తెలుగు. పక్కాయన తొడ మీద తాళం వేస్తుంటాడు, సాహిత్యం మనకు తెలుస్తుంటుంది. విరామంలో సభ క్యాంటీన్‌కు ముందే చేరుకోండి, కాఫీకి కూడా వరస ఉంటుంది.

దక్షిణచిత్ర, మహాబలిపురం ఒంటరిగా పగలు పెట్టుకోవాలా అని అడుగుతారు కొందరు. దక్షిణచిత్ర సరే. ఓఎంఆర్ హోటల్ నుంచి అటువైపు అంత దూరం కాదు, విశాఖ తీరం చుట్టిల్లు కూడా కట్టి పెట్టారు. మహాబలిపురం మాత్రం ట్రైనింగ్ అయ్యాక శనివారమో ఆదివారమో ఇద్దరూ కలిసి వెళ్లాల్సిన చోటు. అన్ని రాళ్లు ఒక్కణ్నే చూసొచ్చి ఆవిడకు చెప్పే ధైర్యం నాకు లేదు.

ఒంటరిగా భోజనం చేయడానికి మొహమాటపడేవాళ్లు మినీ మీల్స్ అడగండి. మన ఆకలికి సరిపోతుంది, పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. పన్నెండింటికే తింటే బల్ల దొరుకుతుంది, ఒంటిగంటకు వెళ్తే ఎవరో తినేదాకా వెనక నిలబడాలి.

ఆవిడ క్లాసులో ఉండగా ఫోన్ చేయను. ఎక్కడున్నానో ఒక మెసేజ్ పెడతాను, అంతే. సాయంత్రం వచ్చాక కూడా కాఫీ తాగేదాకా నా తిరుగుడు కథలు మొదలుపెట్టను. రోజంతా ఎవరో ఒకరు ప్రొజెక్టర్ ముందు నిలబడి చెప్తుంటే విన్న మనిషి. నేనూ నిలబడి అమరావతి చరిత్ర చెప్తే ఏం బాగుంటుంది! ఏనుగు ఫొటో ఒక్కటి చూపిస్తాను. అడిగితే మిగతాది.

ఆఖరి రోజు చిక్కొకటుంది. హోటల్ పన్నెండింటికి ఖాళీ చేయమంటుంది, ట్రైనింగ్ సాయంత్రానికి గానీ వదలదు. ఎక్కువగా అది శుక్రవారమే అవుతుంది, ఆరోజు మ్యూజియాలు రెండూ మూత. అందుకే మ్యూజియం ముందు రోజుల్లోనే ముగించుకోండి. రెండు పెట్టెలూ నేను సెంట్రల్‌కు తీసుకొచ్చి స్టేషన్ క్లోక్‌రూములో పెడతాను. పెట్టెకు తాళం ఉండాలి, రైలు టికెట్టు చూపించాలి. ఆవిడ మందులు, ఛార్జరు పెట్టెలోంచి ముందే తీసి చేతి సంచిలో వేసుకోండి. తర్వాత స్టేషన్ పక్కనే తెల్లగా మెరిసే కార్పొరేషన్ ఆఫీసు రిప్పన్ భవనాన్ని బయటి నుంచి చూసి, దాని వెనక అల్లికుళం కాంప్లెక్స్‌లో పాత పుస్తకాల కొట్లకు వెళ్తాను. పాత మూర్ మార్కెట్ 1985లో తగలబడ్డాక పుస్తకాల వాళ్లు అక్కడికి చేరారు. బేరం ఆడాలి. చెప్పిన దాంట్లో సగం నుంచి మొదలుపెట్టండి.